డిజిటల్ ఒప్పందం – 4వ పాఠం: ముగ్గురు చేరితే రద్దుతోనే చిక్కు

ఇద్దరి మధ్య ఒప్పందం పోయిన పాఠంలో పూర్తిచేశాం. మధ్యవర్తి లేకుండా, అదృష్టం మీద ఆధారపడని పద్ధతిలో, ఇద్దరికీ ఒకేసారి సంతకాలు దక్కేలా చేయడం కుదరదని 1980లోనే ఈవెన్, యాకోబీ అనే పరిశోధకులు తేల్చారు. అందుకే మధ్యవర్తిని పక్కన కూర్చోబెట్టి, తగాదా వస్తేనే పిలిచే పద్ధతి వచ్చింది. ఇప్పుడు మూడో మనిషిని చేరుద్దాం.

ఆదోనిలో పత్తి బేరం. కమీషన్ వ్యాపారి, జిన్నింగ్ మిల్లాయన, లారీ ఓనరు. ముగ్గురిదీ ఒకే మాట: "ముందు నువ్వు సంతకం పెట్టి పంపుప్పా!"

మొదటి విడతలో అందరూ 'సంతకం పెడతాను' అనే హామీ పంపుతారు. ఒప్పందం హ్యాష్ (ఆ పాఠానికి వేలిముద్రలాంటి సంఖ్య), ముగ్గురి పేర్లు, మధ్యవర్తి పేరు అందులో ఉండాలి. ఒక్కటి వదిలేసినా ఈ హామీని ఇంకో బేరానికి అతికించేస్తారు. హామీలన్నీ అందాక రెండో విడతలో అసలు సంతకాలు. మధ్యలో ఆగితే మధ్యవర్తి దగ్గరికి వెళ్లి, హామీలు అందలేదంటే రద్దు, అన్నీ చూపిస్తే ఖాయం అడగొచ్చు. ముందు ఏది ఇస్తే మధ్యవర్తి దానికే కట్టుబడతాడు.

చూడ్డానికి బాగానే ఉంది. కానీ మిల్లాయన, లారీ ఓనరు కుమ్మక్కయ్యారనుకోండి. మిల్లాయన తన హామీ పంపేసి, గుట్టుగా వెళ్లి రద్దు తెచ్చుకుంటాడు. వ్యాపారికి ఆ సంగతి తెలియదు. హామీలన్నీ చేతిలో ఉన్నాయి కాబట్టి సంతకం పంపేస్తాడు. అవతలి ఇద్దరూ తమ సంతకాలు కలిపి ఒప్పందం పూర్తిచేసుకుంటారు, వ్యాపారికి మాత్రం పంపరు. అతను మధ్యవర్తి దగ్గరికి పరిగెడితే వచ్చే జవాబు: "రద్దయిపోయింది." పత్తి ఇవ్వాల్సిన బాధ్యత మిగిలింది, కాగితం మిగల్లేదు.

మందు ఏమిటంటే హామీలకు మెట్లు కట్టడం. అందరి 1వ మెట్టు హామీలు అందాకే 2వ మెట్టు హామీ పంపాలి, పై మెట్లకూ ఇంతే. రద్దు తీసుకున్నవాడు అక్కడితో ఆగాలి. "నేను 1 దగ్గరే ఆగిపోయా" అని రద్దు తెచ్చుకున్న మిల్లాయన 2వ మెట్టు హామీని వ్యాపారి చూపిస్తే అబద్ధం బయటపడుతుంది, మధ్యవర్తి రద్దును తిరగేస్తాడు. రద్దు చీటీ పొందిన ప్రతివాడూ అబద్ధమాడాడని తేలితేనే సుమా!

1999లో గారే, మెకెంజీ అనే పరిశోధకులు వాడిన కిటుకు ఇదే. ఎంతమంది ఉంటే కనీసం అన్ని విడతలు తప్పవని కూడా చూపారు. నలుగురైతే ఆ పద్ధతిలోనే న్యాయం తప్పుతుందని 2004లో చాధా, క్రెమర్, షెడ్రోవ్ పట్టుకున్నారు. కాబట్టి సొంతంగా పద్ధతి కట్టి డబ్బు వ్యవహారాల్లో వాడకండి.

అభ్యాసం: మిల్లాయన రద్దు తెచ్చుకున్నాడు. లారీ ఓనరు తన 2వ మెట్టు హామీ పంపేశాక, 1వ మెట్టు హామీలు మాత్రమే చూపించి ఖాయం అడిగాడు, అతనికీ రద్దే దక్కింది. ఇప్పుడు వ్యాపారి ఎవరి ఏ మెట్టు హామీ చూపిస్తే రద్దు తిరగబడుతుంది? కాగితం మీద బాణాలు గీసి చూడండి.