సూర్యుణ్ణి చూసే చిన్న ఉపగ్రహం మాట వినడం ఎలా

ఉపగ్రహం పంపే రేడియో సిగ్నల్‌ను ఇంటి దగ్గర పట్టుకునే ఈ పని నేను మిన్‌ఎక్స్‌ఎస్‌ఎస్-1 అనే చిన్న ఉపగ్రహం దగ్గర నేర్చుకున్నాను. 34 సెంటీమీటర్ల పొడవు, మూడున్నర కిలోల బరువు, అంతే. సూర్యుడి నుంచి వచ్చే ఎక్స్‌కిరణాలు గాలి పొరలు దాటి నేల దాకా రావు కాబట్టి, వాటిని కొలవడానికి దాన్ని 2016 మేలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వదిలారు. ఏడాదికి అది వాతావరణంలోకి దిగి కాలిపోయింది. తర్వాత వచ్చిన చిన్న ఉపగ్రహాలకూ పద్ధతి ఇదే.

ముందు మీ ఉపగ్రహం ఫ్రీక్వెన్సీ, డేటా వేగం చూసుకోండి. దానిది 437.345 మెగాహెర్ట్జ్, సెకనుకు 9600 బిట్లు. కక్ష్య వివరాలు మాత్రం ఏ రోజువి ఆ రోజే దించుకోండి. తక్కువ ఎత్తులో తిరిగేవాటి కక్ష్య గాలి రాపిడికి త్వరగా మారుతుంది.

సామాన్లు ఎక్కువేం అక్కర్లేదు: ఒక ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్), చేత్తో పట్టుకునే యాగీ యాంటెన్నా (ఒకే దిశ నుంచి బాగా వినే, అడ్డ కడ్డీల యాంటెన్నా), పొట్టి కేబుల్. ప్రీయాంప్ (సిగ్నల్‌ను పెంచే చిన్న పెట్టె) ఉంటే యాంటెన్నా దగ్గరే పెట్టండి. కేబుల్లో సిగ్నల్ తగ్గిపోయాక పెంచితే నాయిస్ కూడా పెరుగుతుంది.

నాకు మొదటి మూడు పాస్‌లు, అంటే ఉపగ్రహం నా ఆకాశం దాటిన మొదటి మూడు సార్లు, వృథా అయ్యాయి. వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లను తెర మీద గీతలుగా చూపే బొమ్మలో) గీత చక్కగా కనిపించేది, ఒక్క ప్యాకెట్ (డేటా ముక్క) కూడా డీకోడ్ అయ్యేది కాదు. చాలా టెన్షన్ పడ్డాను. తప్పు ఎక్కడంటే, మాటలు వినే ఎఫ్‌ఎం సెట్టింగే వాడాను. అందులోని ఆడియో ఫిల్టర్లు 9600 వేగపు డేటాను నాశనం చేస్తాయి. డీ-ఎంఫసిస్ (హెచ్చు స్థాయి శబ్దాలను తగ్గించే సెట్టింగ్) ఆపేయండి, ఫిల్టర్ వెడల్పు 20 కిలోహెర్ట్జ్ దాకా పెంచండి. అన్నిటికన్నా మంచిది, ఆడియో కాకుండా ఐక్యూ రికార్డింగ్, అంటే డీకోడ్ చేయని ముడి రేడియో సిగ్నల్‌నే రికార్డ్ చేసుకోవడం. సెట్టింగ్ తప్పినా తర్వాత మళ్లీ డీకోడ్ చేసుకోవచ్చు.

పాస్ పది నిమిషాలకు మించదు. డాప్లర్ ప్రభావం (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) వల్ల ఉపగ్రహం ఎక్కేటప్పుడు సిగ్నల్ దాదాపు 10 కిలోహెర్ట్జ్ పైన, దిగేటప్పుడు అంతే కింద ఉంటుంది. మొదట్లో మెల్లగా జరిగి, నడినెత్తికి వచ్చేసరికి గబగబా జారుతుంది. ఆ దిద్దుబాటు సాఫ్ట్‌వేర్‌కే వదిలేయండి, మీ చెయ్యి యాంటెన్నా మీద ఉండాలి. సిగ్నల్ సన్నబడితే దిశ మార్చే ముందు యాంటెన్నాను అక్కడే మణికట్టుతో తిప్పి చూడండి. సగం సార్లు అదే సరిపోతుంది.

ఫైలు పేరులో తేదీ, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక) సమయం రాసి, డీకోడైన ప్యాకెట్లను ఆ ఉపగ్రహ బృందానికి పంపండి. వాళ్ల స్టేషన్ మీదుగా అది రోజుకు కొన్నిసార్లే వెళ్తుంది. సౌరజ్వాల ఎగసిన పూట అది మీ ఆకాశంలో ఉండవచ్చు.