మచ్చల కుందేలుకు మచ్చల జోడీ వద్దు

ముద్దుగా ఉన్నాయని చాలామంది మచ్చలున్న మగదానికి మచ్చలున్న ఆడదాన్నే తెస్తారు. దయచేసి అలా చేయకండి. తెల్ల ఒంటి మీద మచ్చలు, ముక్కు చుట్టూ సీతాకోకచిలుక ఆకారం ఉన్న కుందేళ్లలో ఆ మచ్చల జన్యువు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. అలాంటి రెండు కుందేళ్లను కలిపితే సగటున 4 పిల్లల్లో ఒకదానికి ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తుంది. ఆ పిల్ల దాదాపు తెల్లగా ఉంటుంది. ముక్కు పక్కన చిన్న మరక, చెవులకీ కళ్ల చుట్టూ కాస్త రంగు, అంతే. చూడ్డానికి బాగుంటుంది కానీ చాలావాటికి పేగు సరిగా కదలదు.

మలక్‌పేటలో మా డాబా మీద తొలి ఈతలోనే అలాంటిది ఒకటి పుట్టింది. పెంటికలు గుండ్రంగా కాకుండా పెద్దగా, జిగురుగా పడేవి. ఎండుగడ్డి ఎంత పెట్టినా పొట్ట ఉబ్బి తిండి మానేసేది. ఏడో నెలలో చనిపోయింది. ఇప్పటికీ బాధే.

మచ్చలదానికి నిండు నలుపో, బూడిదో, గోధుమో, ఒకే రంగుదాన్ని జత చేయండి. సుమారు సగం మచ్చలవి, సగం నిండు రంగువి వస్తాయి. వెంట్రుకలు రాకముందే గులాబీ చర్మం మీద మచ్చల నీడ తెలిసిపోతుంది.

ఎర్ర కళ్ల తెల్లదాన్ని మాత్రం నమ్మకండి. ఆ తెలుపు కింద మచ్చల జన్యువు కూడా దాగి ఉండొచ్చు. దాని తల్లిదండ్రుల రంగులు అడిగి తెలుసుకున్నాకే జత కట్టించండి. అదీ మన ఏప్రిల్, మే ఎండలు తగ్గాకే. ఆ వేడికి మగవి కొన్ని వారాలు చూలు నిలపలేవు.