పెరటి కోళ్లు – 3వ పాఠం: కంచె

పోయిన పాఠంలో చోటు చూసుకుని ముగ్గు పోసుకోమన్నాను. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు వచ్చిందనుకుందాం. కోడికి 10 చదరపు అడుగుల లెక్కన 20 కోళ్లు హాయిగా తిరుగుతాయి. ఇప్పుడు ఆ ముగ్గు మీద కంచె వేద్దాం.

కొట్టుకెళ్లి ‘కోళ్ల జాలీ’ అనడిగితే ఆరు పలకల కన్నాలున్న సన్న జాలీ చుట్ట తెచ్చి ముందు పడేస్తారు. అది కోడిని ఆపుతుంది, అంతే. వీధికుక్క పంటితో పట్టి నాలుగు గుంజులు గుంజితే చిరుగుతుంది. పోనీ లావు తీగతో అల్లిన చైన్ లింకు జాలీ వేద్దామంటే కుక్క ఆగుతుంది కానీ, ఆ రెండంగుళాల కన్నాల్లోంచి కోడిపిల్లలు బయటికి, పాములు లోపలికి వస్తూపోతూ ఉంటాయి. పిల్లి పంజా దూర్చి అంచున ఉన్న పిల్లను లాగేస్తుంది. అందుకే ఒక్క జాలీతో పని కాదు. చుట్టూ చైన్ లింకు, దాని అడుగున అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (అడ్డం, నిలువు తీగలు అతికించిన గళ్ల జాలీ) వేయండి. గుడ్డు మింగేంత పాము అర అంగుళం కన్నంలో పట్టదు. ఇంటికి మంచి ప్రహరీ ఉండి కుక్కలు రావంటే, చైన్ లింకు బదులు కోళ్ల జాలీతో సరిపెట్టుకోవచ్చు. ఖర్చు తగ్గించుకోవాలంటే పైన తగ్గించుకోండి, అడుగున మాత్రం వద్దు. కుక్క, ముంగిస, ఉడుము, పందికొక్కు, పాము, అన్నీ నేల మీదుగా వచ్చేవే.

తీగ మందం చెప్పే గేజీ దగ్గర చాలామంది తికమక పడతారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 10 గేజీ అంటే సుమారు 3.2 మిల్లీమీటర్లు, 14 గేజీ 2 మిల్లీమీటర్లు. 20 గేజీ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. చైన్ లింకు తీగ 12 గేజీ కంటే సన్నగా లేకుండా చూడండి.

స్తంభాలకు రాతి కడీలు దొరికే ఊళ్లో ఇంకో ఆలోచనే వద్దు. కోస్తాలో సర్వి బాదులు చవక, కానీ భూమిలో ఉండే భాగాన్ని చెద తినేస్తుంది. ఆ భాగానికి తారు పూసి పాతండి. 8 అడుగుల స్తంభం తీసుకుంటే 2 అడుగులు లోపల, 6 అడుగులు పైన ఉంటుంది. 20 అడుగుల వైపు మూడు ఖాళీలు, 10 అడుగుల వైపు రెండు ఖాళీలు వచ్చేలా పాతితే చుట్టూ 10 స్తంభాలు పడతాయి, గేటు కోసం ఇంకొకటి. జాలీని స్తంభాలకు బయటివైపు కట్టండి. అప్పుడు కుక్క మీద పడ్డా జాలీ స్తంభానికి అదుముకుంటుంది, కట్లు తెగవు.

ఇక అసలు పని. 3 అడుగుల వెడల్పున్న వెల్డ్ మెష్ తీసుకుని, పొడవునా ఒక అడుగు దగ్గర చెక్క పలక ఆనించి మడవండి. రెండడుగులు నిలువుగా చైన్ లింకుకు ఆనాలి, మిగిలిన అడుగు నేల మీద బయటివైపు పరుచుకోవాలి. లోపలికి మడిస్తే కష్టమంతా వృథా. తవ్వే జంతువు కంచె తగిలిన చోటే, దాని మొదట్లోనే గోళ్లు వేస్తుంది. అక్కడ కాళ్ల కింద జాలీ తగులుతుంది. అడుగు వెనక్కి వెళ్లి తవ్వితే కిందుగా వెళ్లొచ్చన్న తెలివి సాధారణంగా దానికి రాదు. పరిచే ముందు రెండంగుళాల మన్ను తీసి, జాలీ పరిచాక మళ్లీ కప్పేయండి. ఒక వాన పడితే గడ్డి మొలిచి పట్టేస్తుంది. నాలుగు మూలల్లో అడుగు పొడవు, అడుగు వెడల్పు ఖాళీ మిగులుతుంది. అక్కడ విడి ముక్క కోసి బైండింగు వైరుతో కుట్టండి. జానెడుకో కట్టు వేసి, వైరు కొసలు బయటివైపు మడవండి. లోపలికి ఉంటే కోడి కాళ్లకు, తురాయికి గీసుకుంటాయి. గేటు కింద జాలీ మడవడం కుదరదు కాబట్టి షాబాదు బండ ఒకటి గడపలా దించండి.

పైన మాత్రం కడ్డీ కానీ వాసం కానీ కట్టొద్దు. కోడి నేరుగా దాటదు. ముందు గట్టి అంచు చూసుకుని దాని మీదికి ఎగిరి కూర్చుని, అక్కణ్నుంచి దూకుతుంది. అంచు ఊగుతుంటే సాధారణంగా ఆ ప్రయత్నమే చేయదు. వనరాజా లాంటి బరువు జాతికి ఆరడుగులు ఎక్కువే. నాటుకోడి పెట్టలు మాత్రం ఇంటి కప్పే ఎక్కుతాయి. వాటికి ఒక రెక్క కొసనున్న పది పెద్ద ఈకలు సగానికి కత్తిరించండి. రెండు రెక్కలూ కాదు, ఒక్కటే. తూకం తప్పి ఎగరలేదు. కాడ నల్లగా, నెత్తురు నిండినట్టు కనిపిస్తే అది ఇంకా ఎదుగుతున్న ఈక, దాన్ని ముట్టుకోవద్దు. ఈకలు రాల్చి కొత్తవి వచ్చాక మళ్లీ కత్తిరించాలి. (పందెం పుంజు జోలికి మాత్రం వెళ్లకండి, ఇంట్లో గొడవలవుతాయి.)

గద్ద, కాకుల కోసం పైన నైలాన్ వల చాలు, బిగువుగా కట్టాలి. నేల మీదికి జారిందంటే పాములు చిక్కుకుని చస్తాయి. నన్నడిగితే దొండ పందిరి వేయమంటాను. మేలో నీడ, ఏడాది పొడవునా కూర, పైనుంచి చూసే గద్దకు పిల్లలు కనిపించవు. కాకపోతే అది అల్లుకునేదాకా వల తప్పదు.

రెండు పనులు ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. కంచెకు ఇంటి కరెంటు ఇవ్వొద్దు. అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలు తగిలి మన రెండు రాష్ట్రాల్లోనూ మనుషులు పోయారు. ముంగిసకో ఉడుముకో విషం పెట్టొద్దు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. పైగా ఆ విషం మీ కోళ్లే తినొచ్చు.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది: కంచె చుట్టూ ఒకసారి వంగి నడుస్తూ, ప్రతి అతుకు దగ్గరా, గేటు పక్కనా రెండు వేళ్లు పెట్టి చూడండి. వేళ్లు దూరితే సందు ఉన్నట్టే, వైరుతో కుట్టేయండి. గేటుకు గొళ్లెం కిందొకటి, పైనొకటి ఉండాలి. ఒక్కటే ఉంటే కుక్క అడుగు మూల నెట్టి దూరుతుంది. ఈ కంచె పగటికి మాత్రమే. మానుపిల్లి చెట్టెక్కినట్టు జాలీ ఎక్కి, వల కొరికి దిగుతుంది, అదీ రాత్రిపూటే. గూడు కట్టేదాకా పొద్దుగూకగానే కోళ్లను గంపల కింద కమ్మి, మీద బరువు పెట్టండి. 4వ పాఠం గూడు గురించే.