లినక్స్‌లో పామ్ సింక్ కావట్లేదా? ముందు బటన్ నొక్కండి, తర్వాతే డ్రైవర్ సంగతి

పామ్ అంటే అపాయింట్‌మెంట్లు, ఫోన్ నంబర్లు దాచుకునే పాత చేతి కంప్యూటర్. దాని డేటాను మన కంప్యూటర్‌లోని డేటాతో ఒకేలా ఉంచడమే సింక్. పామ్ కంపెనీ తన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌కు, మ్యాక్‌కు ఇచ్చింది. లినక్స్‌ను పట్టించుకోలేదు. అక్కడ ఆ పని చేసిపెట్టేవి పైలట్-లింక్ టూల్స్, వాటి ఆధారంగా నడిచే జే-పైలట్. రెండూ నమ్మదగ్గవే. పామ్ 3 నుంచి టంగ్‌స్టన్ దాకా, హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్‌తో సహా, చాలా పరికరాలు వీటితో చక్కగా సింక్ అవుతాయి. కాకపోతే నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం రెండు మూడు కారణాల చుట్టూనే తిరుగుతాయి. జనం వాటిని వదిలేసి కెర్నల్ మార్చేద్దామా, డిస్ట్రో మార్చేద్దామా అని చూస్తుంటారు. టెర్మినల్ తెరవడం, ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

కేబుల్ పెట్టినా పామ్ కనిపించట్లేదు

క్రేడిల్‌లో (కేబుల్ ఉన్న స్టాండ్‌లో) పామ్ పెడతారు, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడతారు, ఏమీ రాదు. కేబుల్ పోయిందనో, లినక్స్‌కు ఈ మోడల్ తెలియదనో తేల్చేస్తారు.

పామ్ అనేది పెన్ డ్రైవ్ కాదు. క్రేడిల్‌లో ఊరికే కూర్చున్నంతసేపూ దాని యూఎస్‌బీ నిద్రలోనే ఉంటుంది. సింక్ మొదలుపెట్టే హాట్‌సింక్ బటన్ నొక్కాకే కంప్యూటర్‌కు తన ఉనికి చెబుతుంది. అటు నుంచి జవాబు రాకపోతే కాసేపు చూసి మళ్లీ మాయమవుతుంది. కాబట్టి బటన్ నొక్కి, పామ్ తెరమీద 'కనెక్టింగ్' అని ఉండగానే ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. వెండర్ ఐడీ 0830 అంటే పామ్, 082డి అంటే హ్యాండ్‌స్ప్రింగ్. ఈ రెంటిలో ఒకటి కనిపిస్తే కేబుల్ బాగున్నట్టే, ఇక దాని జోలికి పోకండి.

జైర్, టంగ్‌స్టన్ ఇ లాంటి వాటికి వట్టి కేబులే వచ్చింది, బటన్ ఉన్న క్రేడిల్ లేదు. వాటిలో హాట్‌సింక్ ఐకన్ తెరిచి, 'లోకల్' ఎంచుకుని, తెరమీదే నొక్కాలి. 'మోడెమ్' మీద ఉంటే ఎంత నొక్కినా లాభం లేదు. ఇది రెండు సెకన్ల చెక్. అయినా ఎవరూ చేయరు.

బటన్ నొక్కినా కనిపించకపోతే క్రేడిల్ పిన్నులు చూడండి. ఏళ్ల తరబడి మూల పడి ఉన్న క్రేడిల్‌కు తుప్పు, మడ్డి పట్టడం మామూలే. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బట్టతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

పోర్ట్ వచ్చింది కానీ సింక్ మొదలవదు

కెర్నల్‌లోని వైజర్ డ్రైవర్ (పరికరం పేరే దీనికీ పెట్టారు) పామ్‌ను పట్టుకోగానే ఒకటి కాదు, రెండు పోర్టులు సృష్టిస్తుంది: టీటీవై-యూఎస్‌బీ 0, టీటీవై-యూఎస్‌బీ 1. జనం అలవాటు కొద్దీ సున్నా ఇస్తారు. చాలా పరికరాల్లో హాట్‌సింక్ నడిచేది రెండోదాని మీద, అంటే 1 మీద. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్ కొట్టి చదివితే, వైజర్ లాంటి పరికరాలకు ఏ పోర్ట్ హాట్‌సింక్ కోసమో కెర్నలే రాసిపెడుతుంది. అక్కడ తేలకపోతే ముందు 1, తర్వాత 0 ప్రయత్నించండి.

ఇంకో సంగతి. మొదటి సింక్ మధ్యలో తెగిపోయి, ఏదో ప్రోగ్రాం ఇంకా పాత పోర్టును వదలకుండా పట్టుకుని ఉంటే, తర్వాత నొక్కినప్పుడు పోర్టులు 2, 3గా వస్తాయి. మీరేమో 1 దగ్గరే కాపు కాస్తుంటారు. ఆగిపోయిన జే-పైలట్‌ను పూర్తిగా మూసి మళ్లీ మొదలుపెట్టండి. పరికరాలకు పేర్లు, అనుమతులు పెట్టే పాత యూడెవ్ రూల్స్‌లో 'పైలట్' అనే షార్ట్‌కట్‌ను బేసి అంకెల పోర్టులకే కట్టేవారు. కారణం ఇదే.

ఒకసారి సింక్ అయింది, మళ్లీ కావట్లేదు

అందరి సమయాన్నీ తినేసేది ఇదే. ఉదయం సింక్ అయింది, సాయంత్రం కాలేదు. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే అయింది, రెండోసారి కాలేదు. వేరే యూఎస్‌బీ రంధ్రంలో పెడితే అయింది, కాబట్టి పోర్టే పాడైందని నమ్మేస్తారు. పోర్టుకేమీ కాలేదు.

లినక్స్‌లో పామ్‌తో మాట్లాడడానికి రెండు దారులున్నాయి. పాతది కెర్నల్ దారి: వైజర్ మాడ్యూల్ (అంటే ఆ డ్రైవరే) పామ్‌ను పట్టుకుని టీటీవై-యూఎస్‌బీ పోర్టులు ఇస్తుంది, పైలట్-లింక్ ఆ పోర్టులోంచి మాట్లాడుతుంది. కొత్తది పైలట్-లింక్ 0.12తో వచ్చిన లిబ్-యూఎస్‌బీ దారి: పోర్ట్ పేరు చోట 'యూఎస్‌బీ' అని రాసి పక్కన కోలన్ పెడితే, కెర్నల్ డ్రైవర్‌తో పని లేకుండా పైలట్-లింకే పామ్‌ను నేరుగా పట్టుకుంటుంది. దేనికది బాగానే పనిచేస్తుంది. రెండూ కలిస్తేనే చిక్కు, ఎందుకంటే ఒక పామ్‌ను ఒకసారికి ఒక్కరే పట్టుకోగలరు.

మీరు జే-పైలట్‌లో 'యూఎస్‌బీ:' అని పెట్టుకున్నారనుకోండి. బటన్ నొక్కగానే పామ్ ప్రత్యక్షమవుతుంది. కెర్నల్ దాన్ని గుర్తుపట్టి, మిమ్మల్ని అడగకుండానే వైజర్ మాడ్యూల్‌ను లోడ్ చేస్తుంది. రీస్టార్ట్ తర్వాత మొదటిసారి ఆ మాడ్యూల్ ఇంకా మెమరీలో ఉండదు. లోడ్ అయ్యేలోపు కొన్నిసార్లు పైలట్-లింక్ ముందు చేరుకుంటుంది, సింక్ అయిపోతుంది. ఆ తర్వాత మాడ్యూల్ మెమరీలోనే ఉండిపోతుంది కాబట్టి ప్రతిసారీ గెలిచేది అదే. పైలట్-లింక్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది, పామ్ విసిగి ఆగిపోతుంది. ఎవరు ముందు చేరితే వారిదన్నట్టు ఉంటుంది కాబట్టే లక్షణం రోజుకో రకంగా కనిపిస్తుంది, తప్పు హార్డ్‌వేర్ మీదికి పోతుంది.

చెక్ సులువు. సింక్ విఫలం కాగానే లోడైన మాడ్యూళ్లను చూపే ఎల్ఎస్‌మాడ్ కొట్టి జాబితాలో వైజర్ ఉందేమో చూడండి. 'యూఎస్‌బీ:' దారిలో ఉన్నవారికి అది కనిపించకూడదు. కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఆర్ఎమ్‌మాడ్‌తో దాన్ని తీసేసి పని అయిపోయిందనుకోవద్దు. మళ్లీ బటన్ నొక్కగానే తిరిగొస్తుంది. ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్-డి ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, అందులో వైజర్‌ను బ్లాక్‌లిస్ట్ చేస్తూ (తనంతట తాను లోడ్ కావద్దని) ఒక్క లైను రాయాలి. ఇక్కడే రెండు తిరకాసులున్నాయి. ఫైల్ పేరు చివర డాట్-కాన్ఫ్ లేకపోతే దాన్ని ఎవరూ చదవరు, తప్పని కూడా చెప్పరు. రెండోది ఇంకా గడుసుది: బ్లాక్‌లిస్ట్ ఆపేది పరికరాన్ని చూసి తనంతట తాను జరిగే లోడింగ్‌నే. ఎవరైనా పేరు పెట్టి లోడ్ చేయమంటే శుభ్రంగా లోడ్ అవుతుంది. పాత గైడ్లన్నీ 'ఈటీసీ-మాడ్యూల్స్‌లో వైజర్ అని ఒక లైను చేర్చండి' అనేవి. ఎప్పుడో మీరో, మీకు మెషీన్ ఇచ్చినవారో ఆ లైను చేర్చి ఉంటే, పాత లినక్స్ సిస్టమ్‌లలో బ్లాక్‌లిస్ట్ ఉన్నా ప్రతి బూట్‌లోనూ వైజర్ వచ్చి కూర్చుంటుంది. బ్లాక్‌లిస్ట్ పెట్టాను, అయినా ఎల్ఎస్‌మాడ్‌లో ఉందేమిటని బుర్ర బద్దలుకొట్టుకునేవారందరూ ముందు ఆ ఫైలు, ఆ తర్వాత ఆర్సీ-లోకల్ లాంటి స్టార్టప్ స్క్రిప్టులు వెతకండి. లైను తీసేసి రీస్టార్ట్ చేయండి.

బ్లాక్‌లిస్ట్ సరిగ్గా పడ్డాక టీటీవై-యూఎస్‌బీ పోర్టులు ఇక రావు. రాకూడదు కూడా. ఇక్కడ భయపడి, ఏదో పాత సలహా చదివి వైజర్‌ను మళ్లీ లోడ్ చేసేవారు చాలామంది. దాంతో కథ మొదటికొస్తుంది. జే-పైలట్ ప్రిఫరెన్సెస్‌లో పోర్ట్ 'యూఎస్‌బీ:' అనే ఉందో లేదో చూసుకోండి. షెల్ సెట్టింగ్స్‌లో పైలట్‌పోర్ట్ అనే వేరియబుల్ ఎప్పటిదో మిగిలిపోయి ఉంటే టెర్మినల్ టూల్స్ పాత పోర్టుకే పోతాయి. దాన్నీ మార్చండి.

రెండు దారుల్లో బటన్ నొక్కే వరస కూడా వేరు. కెర్నల్ దారిలో పోర్ట్ పుట్టేదే బటన్ నొక్కాక, కాబట్టి ముందు పామ్ మీద నొక్కి, ఒకటి రెండు సెకన్లు ఆగి, కంప్యూటర్‌లో సింక్ మొదలుపెట్టాలి. 'యూఎస్‌బీ:' దారిలో ముందు కంప్యూటర్‌లో సింక్ నొక్కి, అది ఎదురుచూస్తుండగా పామ్ మీద నొక్కండి. ఏ దారైనా మీ ఇష్టం. నేనైతే ఎప్పుడూ 'యూఎస్‌బీ:' పెడతాను, సున్నా-ఒకటి గొడవ ఉండదు.

సూడోతో అవుతుంది, మామూలుగా కాదు

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పామ్ కనిపిస్తుంది గానీ దాన్ని తెరిచే అనుమతి మీ యూజర్‌కు ఉండదు. కెర్నల్ దారి అయితే డెబియన్, ఉబుంటుల్లో డయలౌట్ గ్రూపులో, ఆర్చ్‌లో యూయూసీపీ గ్రూపులో చేరాలి. చేరాక లాగౌట్ అయి మళ్లీ రావాలి, లేకపోతే మారదు. 'యూఎస్‌బీ:' దారిలో మామూలుగా డయలౌట్ అక్కరకు రాదు. పైలట్-లింక్‌తో వచ్చే యూడెవ్ రూల్ ఫైల్ అక్కడ ఉండాలి.

ఈ గొడవంతా ఎందుకని జే-పైలట్‌నే సూడోతో నడపకండి. దాని డేటా హోమ్‌లోని ఒక దాపు ఫోల్డర్‌లో ఉంటుంది. సూడోతో నడిపితే ఆ ఫైళ్లు రూట్ పేరు మీదికి పోతాయి, లేదా రూట్ ఇంట్లో ఇంకో ఖాళీ డైరీ తయారవుతుంది. మర్నాడు అపాయింట్‌మెంట్లన్నీ పోయాయని టెన్షన్. పోలేదు, చోన్ కొట్టి ఫైళ్లను మీ పేరు మీదికి తెచ్చుకోండి.

యూజర్ ఐడీ లేదని ఆగిపోతుంది

హార్డ్ రీసెట్ అయిన పామ్‌కు పేరు, నంబరు ఉండవు. జే-పైలట్ దాన్ని సింక్ చేయనంటుంది. ఫైల్ మెనూలో ఇన్‌స్టాల్ యూజర్ ఉంది, పేరు ఇవ్వండి, అయిపోతుంది. పాత బ్యాకప్ తిరిగి పెట్టాలనుకుంటే పాత పేరు, పాత నంబరే ఇవ్వండి.

బ్యాకప్ మాట వచ్చింది కాబట్టి: సింక్ కుదిరిన మొదటి క్షణంలోనే పైలట్-లింక్‌లోని పైలట్-ఎక్స్‌ఫర్ టూల్‌తో పూర్తి బ్యాకప్ తీసేయండి. టీ5, ఇ2, టీఎక్స్ లాంటి చివరి మోడళ్లు తప్ప మిగతావాటిలో బ్యాటరీ పూర్తిగా దిగిపోతే డేటా మొత్తం పోతుంది. రెండు సన్న సెల్స్‌తో నడిచే పామ్ 3 అయినా, చార్జింగ్ బ్యాటరీ ఉన్న ఎం505 అయినా ఇదే సంగతి. సింక్ సగంలో ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సిందీ బ్యాటరీనే.

సీరియల్ క్రేడిల్

పామ్ 3, పామ్ 5, ఎం100 లాంటివి తొమ్మిది పిన్నుల సీరియల్ క్రేడిల్ లేదా కేబుల్‌తో వచ్చాయి. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్ట్ లేదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ కావాలి. అప్పుడు పోర్ట్ బటన్‌తో పని లేకుండా ఎప్పుడూ ఉంటుంది, మామూలుగా అది సున్నానే. ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ కన్వర్టర్ పెట్టగానే పోర్ట్ వచ్చి మాయమైతే, అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్ఎల్-టీటీవై దాన్ని లాగేసుకుందని అర్థం. ఇంట్లో ఆ పరికరం వాడేవారు లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి. కనెక్ట్ అయి తప్పులొస్తుంటే సింక్ వేగాన్ని చెప్పే పైలట్‌రేట్ వేరియబుల్‌ను 9600కు దించి చూడండి. మెల్లగానైనా నడిస్తే లైను మంచిదే, వేగం మెల్లగా పెంచుకోండి.

మిగతావి

తెలుగులో రాసిన పేర్లు పామ్‌లోకి వెళ్లాక ప్రశ్నార్థకాలుగానో పిచ్చి గీతలుగానో కనిపిస్తే అది సింక్ లోపం కాదు. పామ్ ఓఎస్‌కు యూనికోడ్ లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి. ఒక్క డేటాబేస్ దగ్గరే ప్రతిసారీ ఆగుతుంటే ఆ అప్లికేషన్‌ను పామ్‌లోంచి తీసేసి చూడండి. యూఎస్‌బీ హబ్ మధ్యలో ఉంటే తీసేయండి. క్రేడిల్ బటన్ స్విచ్చే పోయిందనుకుంటే దాన్ని విప్పనక్కర్లేదు, తెరమీది హాట్‌సింక్ ఐకన్ అదే పని చేస్తుంది.