స్టేజ్ మీద గూడ మన మాటల్లనే మాట్లాడుండ్రి

మన వరంగల్ దిక్కు పిల్లలు ఇంట్ల, బస్సుల, చాయ్ హోటల్ కాడ గంటలు గంటలు ముచ్చట పెడ్తరు, నవ్విస్తరు, అదే పిల్లగాన్ని ఫేర్‌వెల్ నాడు స్టేజ్ ఎక్కిస్తే నోట్లెకెళ్లి మాట రాదు. నేను చూసినకాడికి దీనికి పెద్ద కారణం జనం కాదు మైక్ కాదు, స్టేజ్ ఎక్కంగనే మన మాట కిందనే ఇడిచిపెట్టి పేపర్ల రాసినట్టు మాట్లాడాలె అనుకునుడే. మనసుల ఒక తీరుగ అనుకుంటం, నోటికి వచ్చేలోపు దాన్ని ఇంకో తీరుగ మార్చుకుంటం, ఆ నడుమనే తడబాటు వస్తది. మడికొండల పెరిగిన కవి కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవంగ చేసుకుంటం కదా, ఆ రోజు గూడ పిల్లలతోని అర్థం కాని మాటలు బట్టీ పట్టిస్తే నాకు మస్తు బాధైతది.

అందుకే ముందుగాల మొదలుపెట్టే మాట మార్చుండ్రి. "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, వేదికనలంకరించిన పెద్దలకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు" అని షురూ చేస్తే కిందున్నోళ్లు ఫోన్లు తీస్తరు, ఎందుకంటే అంతకు ముందు మాట్లాడిన నలుగురు గూడ అదే అన్నరు. దానికి బదులు "అందరికీ నమస్కారం. ఫస్ట్ ఇయర్‌ల ఇదే హాల్ల నన్ను నిలబెట్టి పేరేందని అడిగితే నా పేరు నాకే యాదికి రాలే" అనుండ్రి, తలకాయలు లేస్తయి. పెద్దలను గౌరవించొద్దని కాదు, నమస్కారం పెట్టి అక్కడ ఆపుండ్రి, పొడుగు లిస్టు వద్దు.

స్పీచ్ మొత్తం బట్టీ పట్టకుండ్రి. నడుమల ఒక్క ముక్క మర్చిపోతే తర్వాతది గూడ యాదికి రాదు. మొదటి రెండు మాటలు, ఆఖరి ఒక్క మాట మాత్రం నిద్రల లేపి అడిగినా చెప్పేటట్టు ఉంచుకోవాలె, నడుమల మూడు పాయింట్లు చాలు, అవి అరచేతంత అట్టముక్క మీద పెద్ద అక్షరాలతోని రాసుకోవాలె. పెద్ద కాయితం పట్టుకుంటే చెయ్యి వణుకుడు కాయితంల కనవడ్తది, అట్టముక్కల అంత కనపడది.

జనాన్ని ఎట్ల పట్టుకోవాలె అన్నది నేర్చుకోవాలంటే యూట్యూబ్ కంటే ముందు డోలు కొట్టుకుంట మల్లన్న కథ చెప్పే ఒగ్గుకథ చూడుండ్రి, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోతే ఒగ్గోళ్లు కనవడ్తరు. కథ చెప్పేటాయన ఒక మాట అని ఆగుతడు, పక్కనున్నాయన అందుకుంటడు, లేకపోతే తిరిగి అడుగుతడు, అట్ల అడిగినప్పుడు అది మన మనసుల ఉన్న ప్రశ్నే అయితది కాబట్టి మనం ముందుకు ఒరిగి వింటం. ఎక్కడ మెల్లగ చెప్పాలె, ఎక్కడ డోలు లెవ్వాలె, ఎక్కడ ఊకుండాలె, అన్నీ వాళ్లకు తెలుసు. మీ పక్కన అట్ల అడిగేటోడు ఉండడు కాబట్టి ఆ ప్రశ్న మీరే వెయ్యాలె. ఫీజుకు పైసల్లేని దోస్తు ముచ్చట చెప్తున్నరనుకోండ్రి, "మల్ల ఫీజు ఎట్ల కట్టిండు?" అని అడిగి ఒక్క ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగుండ్రి. ఆగుడంటే అందరికీ భయమే, ఖాళీ దొరికితే "అంటే", "సో", "యాక్చువల్‌గా" అని నింపేస్తం. వినేటోళ్లకు ఆ గ్యాప్ అస్సలు పొడుగనిపియ్యది, అప్పుడే వాళ్లు మీరు చెప్పింది మనసుల ఏసుకుంటరు.

ఇగ గుండె దడ గురించి. అడ్రినలిన్ వల్ల గుండె కొట్టుకుంటది, నోరు ఎండుతది, అది ఎంత అనుభవం ఉన్నోళ్లకు గూడ ఉంటది. పేరు పిలిచే ముందు ఊపిరి పీల్చిన దానికంటే ఇడిచేది పొడుగ్గ ఇడుసుండ్రి, నాలుగైదు సార్లు, గుండె జర నెమ్మదిస్తది. ఇంకొకటి, మన భయం అందరికీ కనవడ్తుందని మనకు అనిపిస్తది గానీ అంత కనపడది. సావిట్‌స్కీ, గిలోవిచ్ అని ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు 2003ల దీనిమీద ఒక పరిశోధన వేసిండ్రు, ఈ సంగతి ముందే చెప్పి స్పీచ్ ఇప్పిస్తే, చెప్పకుండ మాట్లాడినోళ్ల కంటే వీళ్లే బాగ మాట్లాడిండ్రు. తెలుసుకునుడే పని చేస్తదన్నట్టు.

ప్రాక్టీస్ అద్దం ముందు వద్దు, మొఖం చూసుకునుడే అయితది. పొద్దుగాల భద్రకాళి చెరువు కట్ట మీద నడుసుకుంట ఫోన్‌ల రికార్డ్ చేసుకోండ్రి, మల్ల వినుండ్రి. గొంతు వేరే ఎవరిదో లెక్క అనిపిస్తది, పరేషాన్ కావద్దు, మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు ఎముకల గుండ గూడ వినొస్తది, రికార్డింగ్‌ల గాలిల పోయిందే ఉంటది, జనానికి రోజూ వినొచ్చేది గదే గొంతు. ఆ తర్వాత ఒక మనిషి ముందట చెప్పాలె. అమ్మకో అక్కకో చెప్పుండ్రి, అయినంక "నేనేం చెప్పిన్నే?" అని అడుగుండ్రి. వాళ్లు తిరిగి చెప్పలేకపోయిన పాయింట్ తీసెయ్యుండ్రి, లేకపోతే దానికో ఉదాహరణ జోడించుండ్రి.

ఇంటర్వ్యూలనో సెమినార్లనో ఇంగ్లీష్‌ల మాట్లాడాల్సి వస్తే గూడ ఇదే వరుస, ముందు తెలుగుల దోస్తుకు చెప్పుండ్రి, చెప్పేది సాఫ్ అయినంకనే చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలల్ల పెట్టుకోండ్రి.

ఆ రోజు అరగంట ముందే పోండ్రి. మైక్ పట్టుకొని చూడుండ్రి, మూతికి నాలుగు వేళ్లంత దూరం, గడ్డానికి జర కిందికి, జాలీ మీద చెయ్యి పెట్టొద్దు, స్పీకర్ బాక్స్ ముందటికి పోవద్దు, పోతే కీసుమంటది. మాట్లాడేటప్పుడు గోడను చూడకుండ్రి. ఎడమ దిక్కు ఒక మనిషిని చూసి ఒక వాక్యం పూర్తి చెయ్యుండ్రి, తర్వాత నడుమల, తర్వాత కుడి దిక్కు. తల ఊపే మనిషి ప్రతి హాల్ల ఒకరన్న ఉంటరు, భయమైనప్పుడు మల్ల వాళ్ల దిక్కే చూడుండ్రి.

ఇచ్చిన టైమ్ ఐదు నిమిషాలైతే నాలుగుకే తయారుగుండ్రి, ఎందుకంటే నవ్వులు, చప్పట్లు, ఆగుడు అన్నీ టైమ్ తింటయి. అయినంక ఎవరన్న ప్రశ్న అడిగితే ఆ ప్రశ్న మైక్‌ల మల్లొక్కసారి చెప్పుండ్రి, వెనకోళ్లకు వినవడాలె, మీకు గూడ ఆలోచించుకోను టైమ్ దొరుకుతది. తెలవకపోతే "నాకు తెల్వదన్న, కనుక్కొని చెప్తా" అని ఆయన నంబర్ తీసుకొని, ఆ వారంలనే ఫోన్ చేసి చెప్పుండ్రి.