లినక్స్ గుర్తుపట్టని యూఎస్‌బీ పరికరం: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కూకట్‌పల్లి కిరాణా దుకాణంలో తూకం మిషన్, అమీర్‌పేట టిఫిన్ సెంటర్‌లో బిల్లు ప్రింటర్. డబ్బా మీద విండోస్ పేరొక్కటే ఉందని వాటిని పక్కన పెట్టేయకండి. పైన ఏ బ్రాండ్ ఉన్నా, లోపలి చిప్పు చాలాసార్లు లినక్స్ కెర్నెల్‌కు (సిస్టమ్ ప్రధాన భాగానికి) ఏళ్లుగా తెలిసినదే. పరికరం తన గురించి తాను చెప్పుకునే 18 బైట్ల డివైస్ డిస్క్రిప్టర్‌ను చదివితే సగం దారి దొరికినట్టే.

ఇక్కడ ఆదేశాలను పలికినట్టు రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్నక్షరాలతో కొట్టాలి. ముందు సుడోతో (అడ్మిన్ హక్కుతో) కెర్నెల్ లాగ్‌ను ఎప్పటికప్పుడు చూపే 'డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ' నడిపి ఉంచి, పరికరాన్ని తీసి మళ్లీ గుచ్చండి.

లక్షణం: గుచ్చినా ఒక్క లైను కూడా రాదు

చాలావరకు కేబుల్ తప్పే. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్లో ఎరుపు, నలుపు తీగలే ఉంటాయి. డేటా మోసే తెలుపు, ఆకుపచ్చ తీగలు ఉండవు. దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం ఏమీ తెలియదు. కోఠి గుజరాతీ గల్లీలో కొంటున్నప్పుడు డేటా కేబుల్ అని అడిగి, అక్కడే ఫోన్‌కు పెట్టి ఒక ఫైలు పంపి చూసుకోండి.

లక్షణం: "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71" లేదా "-110"

కెర్నెల్ మొదట 64 బైట్లు అడిగింది. జవాబు చెడిపోయి వస్తే -71, గడువులోగా రాకపోతే -110. ఇక్కడ డ్రైవర్ కోసం వెతకడం దండగ, పరికరం ఇంకా తన పేరే చెప్పలేదు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీసేయండి, డెస్క్‌టాప్‌కు ముందున్న పోర్టు కాకుండా వెనక మదర్‌బోర్డు పోర్టు వాడండి. ప్రింటర్‌కు వేరే అడాప్టర్ ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక పరికరానికి ఇవ్వాల్సింది గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లే. కరెంటు చాలక అవస్థ పడే పరికరానికి సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టాలి.

లక్షణం: కనిపిస్తుంది, పని చేయదు

'ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ' కొట్టి ఆ పరికరం ఎదుట డ్రైవర్ పేరుందేమో చూడండి. పేరు లేకపోతే సుడోతో 'ఎల్ఎస్‌యూఎస్‌బీ -వీ' నడిపి ఇంటర్‌ఫేస్ క్లాస్ (పరికరం ఏ రకమో చెప్పే సంఖ్య) చదవండి. 3 అయితే కీబోర్డు, బార్‌కోడ్ స్కానర్ వంటి హెచ్‌ఐడీ (ఇన్‌పుట్ పరికరం), 7 ప్రింటర్, 8 స్టోరేజ్, 14 కెమెరా. వీటికి కెర్నెల్‌లో సాధారణ డ్రైవర్లు ఉన్నాయి, మాడ్యూల్ (ఆ డ్రైవర్ ఉండే ముక్క) లోడ్ అయిందో లేదో చూస్తే చాలు. 255 వస్తే ఆ పరికరం తయారీదారు సొంత భాష మాట్లాడుతోందన్నమాట.

255 వచ్చిందని నిరాశపడొద్దు. తూకం మిషన్ల సీరియల్ కన్వర్టర్లలో (సీరియల్ లైనును యూఎస్‌బీగా మార్చే చిప్పుల్లో) చాలా వాటిదీ ఇదే క్లాస్. అదే జాబితాలో ఎండ్‌పాయింట్లు (డేటా వచ్చే, పోయే దారుల నంబర్లు) చూడండి. 81, 82, 02 అని మూడుంటే సీహెచ్340 చిప్పు కావచ్చు, 81, 02 రెండే ఉంటే 0403:6001 (వెండర్:ప్రొడక్ట్ ఐడీ) తరహా ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పు కావచ్చు. ఇది ఆనవాలే, రుజువు కాదు. మూత తీసి చిప్పు మీది అక్షరాలు చదివితేనే ఖాయం. ఎఫ్‌టీడీఐ చిప్పే ఉండి, ఐడీ మాత్రం కొత్తదైతే 'ఎఫ్‌టీడీఐ_ఎస్‌ఐఓ' మాడ్యూల్‌ను లోడ్ చేసి, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోట) యూఎస్‌బీ-సీరియల్ బస్ కింద ఆ డ్రైవర్ ఫోల్డర్‌లోని 'న్యూ_ఐడీ' ఫైలుకు వెండర్, ప్రొడక్ట్ సంఖ్యలు రాయాలి. రీబూట్ అయితే ఇది పోతుంది.

సీరియల్ పోర్టు వచ్చి, తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తే బాడ్ రేటు (సీరియల్ లైను వేగం) కుదరలేదు. 9600తో మొదలుపెట్టి, మిషన్ మాన్యువల్‌లో ఉన్నదానికి మార్చండి.

లక్షణం: పోర్టు వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది

ఉబుంటు 22.04లో సీహెచ్340కి ఇది బాగా తెలిసిన చిక్కు. లాగ్‌లో 'బీఆర్‌ఎల్‌టీటీవై' పేరు కనిపిస్తుంది. ఆ బ్రెయిలీ ప్రోగ్రామ్ 1ఏ86:7523 ఐడీని తనదనుకుని లాక్కుంటోంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిలీ పరికరం ఎవరూ వాడకపోతే ప్యాకేజీ తీసేయండి. చూపులేనివారు వాడుతుంటే మాత్రం తీసేయకూడదు, అది వాళ్లకు కళ్లతో సమానం. 85-బీఆర్‌ఎల్‌టీటీవై రూల్స్ ఫైలును ఈటీసీ ఫోల్డర్ కింది యూడెవ్ (గుచ్చిన పరికరాలకు నియమాలు అమలు చేసేది) రూల్స్ ఫోల్డర్‌లోకి అదే పేరుతో కాపీ చేసి, అందులో ఆ ఒక్క ఐడీ లైనును పని చేయకుండా కామెంట్ చేయండి.

లక్షణం: పర్మిషన్ డినైడ్

సుడోతో పని చేసి, మామూలుగా చేయకపోతే ఇదే. సీరియల్ పోర్టుకు డెబియన్, ఉబుంటుల్లో యూజర్‌ను 'డయలౌట్' గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి రావాలి. 'యూజర్‌మాడ్ -ఏజీ'లో ఏ చిన్నక్షరం, జీ పెద్దక్షరం. ఏ మరిచిపోతే పాత గ్రూపులు పోతాయి, సుడో హక్కుతో సహా. కెర్నెల్ డ్రైవర్ లేకుండా నేరుగా లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీతో మాట్లాడే పరికరానికైతే యూడెవ్ రూల్ రాసి, లాగిన్ అయిన యూజర్‌కు అనుమతినిచ్చే 'యూఏక్సెస్' ట్యాగ్ ఇవ్వండి. ఫైలు పేరు 73 కంటే తక్కువ అంకెతో మొదలవ్వాలి, లేకపోతే ట్యాగ్ పని చేయదు. అందరికీ తలుపులు తెరిచే 0666 అనుమతి, నలుగురు వాడే దుకాణం కంప్యూటర్‌కు మంచిది కాదు.

లక్షణం: ఏ డ్రైవరూ లేదు

ఇక పరికరం, దాని విండోస్ సాఫ్ట్‌వేర్ మధ్య మాటలు వినాల్సిందే. వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెట్టి, పరికరాన్ని దానికి అప్పగించి, తయారీదారు సాఫ్ట్‌వేర్ నడపండి. బయటి లినక్స్‌లో యూఎస్‌బీ రాకపోకలను చూపే 'యూఎస్‌బీమాన్' మాడ్యూల్ లోడ్ చేసి, ప్యాకెట్లను రికార్డు చేసే వైర్‌షార్క్‌తో ఆ బస్‌ను పట్టండి. ఒక రికార్డింగ్‌లో ఒక్క పనే చేయాలి. ఒకే బటన్‌ను రికార్డింగుకు ఒకసారి చొప్పున రెండుసార్లు నొక్కి, రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టి చూడండి. మారని బైట్లు ఆదేశం, ప్రతిసారీ ఒకటి చొప్పున పెరిగేది కౌంటర్, మిగతావి మారినప్పుడల్లా మారే చివరి బైటు చాలావరకు చెక్‌సమ్ (డేటా చెడిందేమో సరిచూసే సంఖ్య).

పరికరాన్ని ఏదైనా అడిగే కంట్రోల్ అభ్యర్థనకు ముందుండే సెటప్ ప్యాకెట్ 8 బైట్లు. యూఎస్‌బీమాన్ టెక్స్ట్ రూపంలో "80 06 0100 0000 0012" కనిపిస్తే, అది డివైస్ డిస్క్రిప్టర్ అడగడమే. చివరి 12 హెక్స్‌లో ఉంది, అంటే 18 బైట్లు. ఇలాంటివి ప్రతి పరికరానికీ ఉంటాయి కాబట్టి వడగట్టేయండి. తర్వాత వచ్చేవే పరికరం సొంత మాటలు. వాటిని పైథాన్ లైబ్రరీ పైయూఎస్‌బీతో ఒక్కొక్కటిగా తిరిగి పంపి చూడండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సమయంలో పట్టిన ప్యాకెట్లను మాత్రం ఎప్పుడూ తిరిగి పంపొద్దు, పరికరం మళ్లీ లేవకుండా పోవచ్చు.