మీ గెలాక్సీ ఫోన్‌లో ఏ చిప్ ఉందో కచ్చితంగా తెలుసుకోవడం ఎలా

శాంసంగ్ ఫోన్ పేరు చూసి లోపల ఏ ప్రాసెసర్ ఉందో చెప్పలేమండీ, ఒకే పేరు, ఒకేలాంటి బాడీ ఉన్న రెండు ఫోన్లలో వేరే వేరే చిప్స్ ఉంటాయి, సెకండ్ హ్యాండ్ కొనేముందైనా కస్టమ్ రోమ్ (కంపెనీ ఇచ్చింది తీసేసి బయటివాళ్లు చేసిన ఆండ్రాయిడ్) వేసేముందైనా ఇది తేల్చుకోవాల్సిందే.

ముందు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ ఓపెన్ చేసి మోడల్ నంబర్ చివరి అక్షరం దాకా రాసుకోండి. బ్యాటరీ ఊడే పాత ఫోన్లయితే బ్యాటరీ కింద స్టిక్కర్ మీద కూడా ఉంటుంది, రెండూ కలుస్తున్నాయో లేదో చూడండి, ఎందుకంటే ఎవరైనా రోమ్ మార్చి ఉంటే సెట్టింగ్స్‌లో కనిపించే పేరు తప్పు అయ్యుండొచ్చు.

చివరి అక్షరం గురించి ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, 2011లో వచ్చిన ఎస్2 చూడండి, జీటీ-ఐ9100లో శాంసంగ్ సొంత ఎక్సినోస్ 4210 ఉంటే, జీటీ-ఐ9100జీలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఓమాప్ చిప్ ఉంది, ఒకదాని రోమ్ ఇంకోదానికి అస్సలు పనికిరాదు. 2013లో ఎస్4 కూడా అంతే, ఐ9500లో ఎక్సినోస్ 5410, ఐ9505లో క్వాల్‌కామ్ వాళ్ల స్నాప్‌డ్రాగన్ 600. ఆ 5410ని ఆక్టా (ఎనిమిది) అని అమ్మారు గానీ ఎనిమిది కోర్లూ (చిప్‌లో పని చేసే భాగాలు) ఒకేసారి పనిచేయవు, బరువు పనికి నాలుగు ఏ15 కోర్లు, తేలిక పనికి నాలుగు ఏ7 కోర్లు, ఒక గుంపు లేస్తే ఇంకో గుంపు పడుకుంటుంది, పాత ఎస్4 కొనేవాళ్లు ఆ ఎనిమిది అంకె చూసి డబ్బులెక్కువ పెట్టకండి.

ఎఫ్ ఉంటే ఎక్సినోస్, యూ ఉంటే అమెరికా స్నాప్‌డ్రాగన్ అని ఒక లెక్క చెప్తుంటారు, ఎస్7 నుంచి ఎస్10 వరకు అది బాగానే పనిచేస్తుంది, కానీ ఎస్5లో ఎఫ్ అంటేనే స్నాప్‌డ్రాగన్, ఎస్20 ఎఫ్ఈ (ఫ్యాన్ ఎడిషన్) 4జీలో జీ780ఎఫ్ ఎక్సినోస్ 990 అయితే జీ780జీ స్నాప్‌డ్రాగన్ 865. కాబట్టి అక్షరం గుర్తుపెట్టుకోవడం కాదు, మొత్తం నంబర్ కొట్టి వెతకండి.

కొన్ని ఫోన్లకి ఈ గొడవ లేదు. 2015 ఎస్6 ఏ దేశానిదైనా ఎక్సినోస్ 7420నే, 14 నానోమీటర్ చిప్, నా దృష్టిలో శాంసంగ్ చేసినవాటిలో బెస్ట్ ఇదే. ఎఫ్ఈ మోడళ్లు తప్ప ఎస్23, ఎస్25 సిరీస్‌లు ఎక్కడైనా స్నాప్‌డ్రాగనే. ఎస్24లో అల్ట్రా ఒక్కటే అన్నిచోట్లా స్నాప్‌డ్రాగన్, మామూలుదీ ప్లస్సూ చాలా దేశాల్లో ఎక్సినోస్ 2400.

ఎస్7 నుంచి ఎస్20 దాకా ఎక్సినోస్‌లో పెద్ద కోర్లు శాంసంగే సొంతంగా డిజైన్ చేసింది, 2019లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఆ టీమ్‌ని మూసేసి ఎస్21 నుంచి ఆర్మ్ కంపెనీ డిజైన్ చేసిన కోర్లకి వెళ్లిపోయారు, 2022లో ఎస్22కి ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ పెట్టారు. ఒకదాని వెంటే ఒకటి వచ్చినా ఎస్20లోని ఎక్సినోస్ 990, ఎస్21లోని 2100 లోపల వేరు, అందుకే ఎక్సినోస్ అంటే అన్నీ ఒకటే అని కొట్టిపారేయడం కరెక్ట్ కాదు.

ఇంకా డౌట్ ఉంటే సీపీయూ-జెడ్ యాప్ వేసి మొదటి ట్యాబ్ చూడండి, చిప్ పేరు అక్కడే ఉంటుంది. ఇక రోమ్ కోసమే అయితే ఇంకోటి, ఎస్7 నుంచి ఎస్10 వరకు అమెరికా స్నాప్‌డ్రాగన్ వాటికి బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవ్వగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) లాక్ అయి వస్తుంది, ఎక్సినోస్ వాటికి మాత్రం డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎమ్ అన్‌లాక్ దొరుకుతుంది, అది ఆన్ చేసి అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో డేటా మొత్తం పోతుంది కాబట్టి ముందే బ్యాకప్ తీసుకోండి.